మేడమీద నిలిచి వ్యోమయాత్రికులను చూచుట

ఏప్రిల్ మాసములో బడులు ఒంటిపూట నడచును. ఎండ చల్లబడిన పిమ్మట గడ్డిఅన్నారము వీధులలోని పిల్లలు మేడలమీదికి చేరుదురు. ఆ మాసముననే, 1961 ఏప్రిల్ 12వ తేదీన, యూరీ గగారిన్ 108 నిమిషముల యాత్రలో భూమిని ఒకసారి చుట్టివచ్చెను. ఆ దినమును మానవ అంతరిక్షయాన దినముగా 2011లో ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. 1984 ఏప్రిల్ 3న బయలుదేరి, దాదాపు ఎనిమిది దినములు రోదసిలో గడపిన రాకేశ్ శర్మ మన నిజాం కళాశాలలో చదివినవాడే.

కాగితపు శిరస్త్రాణములు పెట్టుకొని పిల్లలు పండుగ చేసికొనుటలో తప్పులేదు. కాని అంతకంటె మంచి వేడుక యొకటి కలదు. మనుష్యులున్న నౌకను కంటితో చూచుట! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో 2000 నవంబరు నుండి ఎవరో ఒకరు నివసించుచునే యున్నారు. 2025 జూన్, జూలై మాసములలో మన శుభాంశు శుక్లా అందుండెను. దూరదర్శిని అక్కరలేదు, దిల్‌సుఖ్‌నగర్ దీపముల వెలుగు కూడ దానిని మరుగుపరచజాలదు.

ఆ కేంద్రము మనకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. ఇది చాల దూరమని తోచును గాని, విజయవాడ దూరమునకు ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఒక అడుగు వ్యాసముగల బడి గ్లోబుపై చూపవలెనన్న, ఒక సెంటీమీటరు ఎత్తైనను ఉండదు.

మరి అది క్రింద పడదేమి? పిల్లవాడిట్లడిగినచో పెద్దలు చాలమంది ‘అక్కడ భూమ్యాకర్షణ లేదు’ అని చెప్పి ఊరకుందురు. ఇది పొరపాటు. అంత ఎత్తునను ఆకర్షణ ఇక్కడున్న దానిలో పదింట తొమ్మిది వంతులకు ఇంచుక తక్కువగా నున్నది. నిజమేమనగా, ఆ కేంద్రము ఎల్లప్పుడును పడుచునే యున్నది! ఒక సెకనులో అది నాలుగు మీటర్లకు కొంచెము పైగా భూమివైపు పడును. ఆ సెకనులోనే సుమారు 7.7 కిలోమీటర్లు ముందుకు సాగును. గుండ్రని భూమి అంతలో అంతే వంగును. కావున పడుచున్నను నేల అందదు.

దీనిని ఇంటనే చూపవచ్చును. ఒక ప్లాస్టిక్ సీసా అడుగున చిన్న రంధ్రము చేసి నీరు పోయుడు, మూత బిగింపకుడు. ధార కారును. పిట్టగోడ యెక్కనక్కరలేదు, పీటమీద నిలిచి సీసాను వదలుడు. పడుచున్నంతసేపు ధార ఆగిపోవును. సీసాయు నీరును ఒకే వడితో పడుచుండగా, నీరు సీసాను నొక్కుటెట్లు? వ్యోమయాత్రికులు తేలుటకును ఇదియే కారణము.

నిలిపియుంచు ఆ వేగమే దిగునపుడు శత్రువగును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుట మీరెరుగుదురు. మహావేగముతో దిగు నౌక తన ముందున్న గాలిని అట్లే నొక్కుటచే వేలాది డిగ్రీల వేడి పుట్టును. 2003 జనవరిలో కొలంబియా నౌక ఎగురునపుడు టాంకి నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలి చిల్లి చేసెను. ఫిబ్రవరి 1న దిగుచుండగా ఆ చిల్లిలోనికి వేడి వాయువులు చొరబడి, కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి. పండుగనాడు ఈ మాట ఏల యని కొందరందురు. పిల్లలు ఎట్లును అడుగుదురు. చెప్పుటయే మేలని నా అభిప్రాయము.

కేంద్రము ఏ సాయంత్రము మన నగరముపైనుండి పోవునో నాసావారు ముందుగానే తెలుపుచున్నారు. పొద్దు గ్రుంకిన గంట, గంటన్నర లోపల, పడమటి దిక్కున చూచుచుండుడు. మినుకుమినుకుమనక నిలుకడగా వెలుగు చుక్క యొకటి లేచి, అయిదారు నిమిషములలో ఆకాశము దాటును. విమానమైనచో దీపములు ఆరి వెలుగుచుండును. ఒక్కొక్కసారి ఆ చుక్క నడిమింటనే మాసిపోవును. మబ్బు కాదది. కేంద్రము భూమి నీడలోనికి ప్రవేశించినది. లోపలివారికి మరి 35 నిమిషములకు తెల్లవారును.