ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ సాయంతో ఐటీఐ పాసైన తెలంగాణ అభ్యర్థుల కోసం

ఐటీఐ పాసయ్యారు. వర్క్‌షాప్‌లోనో, కాంట్రాక్టర్ దగ్గరో పని చేస్తున్నారు. పని బాగా వచ్చు. ఇక "నేను కూడా ఐటీఐలో పాఠం చెప్పే ఉద్యోగానికి రాయొచ్చా?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. రాయొచ్చు. కానీ ఈ ఉద్యోగానికి చెయ్యి తిరిగిన పనితనం ఒక్కటే సరిపోదు. అర్హత కాగితాలు ముందే ఉండాలి, చేతితో చేసే పనికి వెనుక ఉన్న లెక్క, కారణం కూడా తెలిసి ఉండాలి. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెడితే కాగితాలకే సమయం చాలదు. అందుకే ఈ వివరాలు ఇప్పుడే చదివి దాచుకోండి.

1. ఏమిటీ ఉద్యోగం?

ప్రభుత్వ ఐటీఐలో ట్రేడ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ను మన దగ్గర అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ అంటారు. వాడుకలో ఏటీఓ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా, డ్రెస్ మేకింగ్ ఇలా ఏ ట్రేడ్ పోస్టు ఆ ట్రేడ్ వారికే. ఒక యూనిట్‌లో ట్రేడ్‌ను బట్టి 20 నుంచి 24 మంది ట్రైనీలు ఉంటారు. వారికి థియరీ చెప్పడం, ప్రాక్టికల్ చేయించడం, మిషన్ల దగ్గర ప్రమాదం జరగకుండా చూసుకోవడం, రికార్డులు రాయడం అన్నీ ఇన్‌స్ట్రక్టర్ పనే.

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. పాత లేత్, పాత వెల్డింగ్ సెట్‌తో పాటు సీఎన్‌సీ, రోబో లాంటి కొత్త మిషన్లు కూడా వర్క్‌షాపుల్లోకి వస్తున్నాయి. చదివేటప్పుడు ఈ మార్పును మనసులో పెట్టుకోండి.

2. అర్హతకు మూడు కాళ్లు

ఐటీఐ సిలబస్ పుస్తకాల్లోనే ఇన్‌స్ట్రక్టర్ అర్హత రాసి ఉంటుంది. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్, అంటే డీజీటీ, పెట్టిన నియమం ఇది. ఇంజనీరింగ్ ట్రేడ్‌ల వరకు దాన్ని మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

ఒకటి, చదువు: ఆ ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్ (ఎన్‌టీసీ) లేదా అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ (ఎన్‌ఏసీ) ఉండాలి. సంబంధిత డిప్లొమా, ఇంజనీరింగ్ డిగ్రీ వారు కూడా అర్హులే.

రెండు, అనుభవం: డిగ్రీ వారికి 1 సంవత్సరం, డిప్లొమా వారికి 2 సంవత్సరాలు, ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ వారికి 3 సంవత్సరాలు.

మూడు, బోధన శిక్షణ: నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్. దీన్ని అందరూ సీఐటీఎస్ సర్టిఫికెట్ అంటారు.

డిప్లొమా, డిగ్రీ వాళ్లతో పోటీలో మనకు చోటెక్కడ అని భయపడకండి. అదే నియమంలో ఇంకో మాట కూడా ఉంది. ఒక ట్రేడ్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా వారు, రెండోవారు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ చేసినవారు అయి ఉండాలి. ఇద్దరికీ సీఐటీఎస్ ఉండాలి. అంటే ఐటీఐ వారిని పక్కన పెట్టే నియమం కాదిది, వారికి చోటు ఉంచిన నియమం.

ఒక్కో నోటిఫికేషన్‌లో వయసు, ఫీజు, మార్కులు, సీఐటీఎస్ నుంచి మినహాయింపులు వేరుగా ఉండొచ్చు. చివరి మాట ఎప్పుడూ నోటిఫికేషన్‌దే.

3. సీఐటీఎస్ ఎక్కడ, ఎలా?

ఇది ఒక సంవత్సరం కోర్సు. ఇందులో ట్రేడ్‌ను మరింత లోతుగా నేర్పుతారు, దాన్ని ఇంకొకరికి ఎలా చెప్పాలో కూడా నేర్పుతారు. ప్రవేశం అఖిల భారత పరీక్ష ద్వారా. కేంద్ర ప్రభుత్వ సంస్థలైన నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఈ కోర్సు నడుపుతాయి. హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్ రెండు చోట్లా ఉన్నాయి, మహిళలకు ప్రత్యేక సంస్థ కూడా ఉంది. అన్ని ట్రేడ్‌లూ అన్ని చోట్లా ఉండవు కాబట్టి మీ ట్రేడ్ ఎక్కడుందో ముందు చూసుకోండి.

సంవత్సరం పాటు సంపాదన ఆపుకోవాలంటే ఇంట్లో కష్టమే. నిర్ణయం తీసుకునే ముందు ఈ రెండు విషయాలు చూడండి. ఈ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ప్రైవేటు ఐటీఐలు కూడా ఇదే అడుగుతాయి. అంటే ప్రభుత్వ పోస్టు వెంటనే రాకపోయినా ఆ సంవత్సరం వృథా కాదు. ఇప్పటికే ఐటీఐలో పాఠం చెబుతూ సీఐటీఎస్ లేనివారికి, ఉన్న అనుభవాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ దారి కూడా ఉంది. అర్హత ఉందేమో అడగండి.

4. అనుభవ పత్రం: ఎక్కువమంది జారిపడేది ఇక్కడే

ఆరేడేళ్లు పని చేసినా చేతిలో ఒక్క కాగితం లేనివారు ఎందరో. జీతం చేతికి ఇస్తారు, పీఎఫ్ ఉండదు, హాజరు పుస్తకం ఉండదు. పరీక్షలో మార్కులు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఇది బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ఇవి ఇప్పుడే చేయండి.

• పని చేస్తున్న చోట లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకోండి. అందులో మీ పేరు, ట్రేడ్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేశారు అన్నవి ఉండాలి. సంతకం, ముద్ర తప్పనిసరి.
• "హెల్పర్" అని కాకుండా నిజంగా చేసిన పని రాయించుకోండి. ఉదాహరణకు "మోటార్ వైండింగ్, ప్యానెల్ వైరింగ్".
• పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి ఉంచండి. బ్యాంకులో పడిన జీతం స్టేట్‌మెంట్ కూడా పనికొస్తుంది.
• పని మానేసే రోజే పత్రం అడగండి. రెండేళ్ల తర్వాత వెళ్తే షాపే ఉండకపోవచ్చు.

చేయని పనికి దొంగ పత్రం కొనకండి. పరిశీలనలో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది.

5. పరీక్షకు ఏం చదవాలి?

ఎక్కువ బరువు ట్రేడ్ థియరీదే. దానితో పాటు వర్క్‌షాప్ లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్, భద్రత, బోధన పద్ధతి, నోటిఫికేషన్‌లో ఉంటే జనరల్ నాలెడ్జ్. రోజూ చేసే పనినే కాగితం మీద అడుగుతారు. కింది ఉదాహరణలు చూడండి.

ఎలక్ట్రీషియన్: 230 వోల్టుల మీద పనిచేసే 1000 వాట్ల హీటర్ ఎంత కరెంటు తీసుకుంటుంది? 1000ని 230తో భాగిస్తే సుమారు 4.35 ఆంపియర్లు. రెసిస్టెన్స్ సుమారు 52.9 ఓమ్‌లు. అదే హీటర్‌కు 115 వోల్టులే ఇస్తే? చాలామంది 500 వాట్లు అని పెడతారు. తప్పు. వోల్టేజ్ సగమైతే కరెంటు కూడా సగమవుతుంది, కాబట్టి పవర్ నాలుగో వంతు, అంటే 250 వాట్లు.

ఇంకొకటి: 4 పోల్స్, 50 హెర్ట్జ్ మోటార్ సింక్రనస్ స్పీడ్ ఎంత? 120ని 50తో గుణించి 4తో భాగిస్తే 1500. మోటార్ 1440 వేగంతో తిరుగుతుంటే తేడా 60, స్లిప్ 4 శాతం.

ఫిట్టర్, టర్నర్: వెర్నియర్‌లో 50 గీతలు మెయిన్ స్కేల్ 49 మిల్లీమీటర్లకు సమానమైతే లీస్ట్ కౌంట్ 0.02 మి.మీ. మైక్రోమీటర్ పిచ్ 0.5 మి.మీ., థింబుల్ మీద 50 గీతలు ఉంటే 0.01 మి.మీ. 20 మి.మీ. డ్రిల్‌ను నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడ్‌తో నడపాలంటే, 25ను 1000తో గుణించి, దాన్ని 3.14, 20ల లబ్ధంతో భాగించాలి. జవాబు సుమారు 398 ఆర్‌పీఎం.

వెల్డర్: ఆక్సిజన్ సిలిండర్ నలుపు, ఎసిటిలీన్ మెరూన్. ఎసిటిలీన్ కనెక్షన్‌కు ఎడమ మర ఎందుకు? ఒకదాని పైపు ఇంకోదానికి పొరపాటున బిగించకుండా. మైల్డ్ స్టీల్‌కు ఏ మంట? న్యూట్రల్ ఫ్లేమ్.

డ్రాయింగ్: మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఇందులో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది, ఎడమ వైపు నుంచి చూసింది కుడి పక్కన వస్తుంది. ఇక్కడ మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది. రోజుకో చిన్న వస్తువు తీసుకుని మూడు వైపుల నుంచి చూసి గీయండి. అగ్గిపెట్టె, నట్టు, ఇటుక ఏదైనా సరే.

భద్రత: కరెంటు మంటకు నీళ్లు వాడకూడదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడాలి. షాక్ తగిలినవారిని ముట్టుకునే ముందు సప్లై తీసేయాలి. ప్రతి ట్రేడ్‌కూ ఈ ప్రశ్నలు వస్తాయి.

6. బోధన పద్ధతి: కొత్తగా నేర్చుకోవాల్సింది

పని వచ్చినవారికి ఇదే కొత్త సబ్జెక్టు. భయపడేంత పెద్దది కాదు. ప్రాక్టికల్ పాఠానికి నాలుగు మెట్లు ఉంటాయి. ట్రైనీలను సిద్ధం చేయడం, చేసి చూపడం, వాళ్లచేత చేయించడం, వచ్చిందా లేదా పరీక్షించడం. నేర్చుకోవడాన్ని కూడా మూడు రకాలుగా చూస్తారు: తెలివికి సంబంధించింది, చేతి నైపుణ్యానికి సంబంధించింది, వైఖరికి సంబంధించింది. ఓమ్ సూత్రం చెప్పగలగడం మొదటిది, జాయింట్ సరిగా వేయగలగడం రెండోది, ఎవరూ చూడకపోయినా గ్లవ్స్ వేసుకోవడం మూడోది.

దీన్ని బట్టీ పట్టడం కంటే చేసి నేర్చుకోవడం తేలిక. మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఒక చిన్న పని ఈ నాలుగు మెట్లలో నేర్పి చూడండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలుస్తుంది.

7. ఉచితంగా దొరికే పుస్తకాలు, శిక్షణ

చెన్నైలోని నిమి సంస్థ ఐటీఐ ట్రేడ్ థియరీ, ప్రాక్టికల్ పుస్తకాలు తయారు చేస్తుంది. డీజీటీ వారి భారత్ స్కిల్స్ పోర్టల్‌లో సిలబస్, పుస్తకాలు, ప్రశ్నల నిధి ఉచితంగా ఉంటాయి. ముందు మీ ట్రేడ్ సిలబస్ దించుకుని, రాని అంశాలకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

బీసీ స్టడీ సర్కిల్, ఎస్సీ స్టడీ సర్కిల్, మైనారిటీ స్టడీ సర్కిల్ ఉచిత కోచింగ్ ఇస్తుంటాయి. వాటిలో ట్రేడ్ సబ్జెక్టు ఉంటుందని ఆశించకండి, జనరల్ నాలెడ్జ్, లెక్కలకు బాగా ఉపయోగపడతాయి. వేలకు వేలు పెట్టి ప్రైవేటు కోచింగ్‌లో చేరే ముందు ఇవి వాడుకోండి.

8. పని చేసుకుంటూ 90 రోజుల ప్రణాళిక

రోజుకు రెండు గంటలు చాలు, కానీ రోజూ ఉండాలి.

• 1 నుంచి 40 రోజులు: ట్రేడ్ థియరీ మొదటి నుంచి చివరి దాకా. రోజుకో అధ్యాయం, చివర 20 ప్రశ్నలు.
• 41 నుంచి 60 రోజులు: వర్క్‌షాప్ లెక్కలు, డ్రాయింగ్. లెక్కలు చూసి చదవకండి, చేసి చూడండి.
• 61 నుంచి 70 రోజులు: బోధన పద్ధతి, భద్రత.
• 71 నుంచి 90 రోజులు: టైమ్ పెట్టుకుని మాక్ టెస్టులు. తప్పుపోయిన ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసి, చివరి మూడు రోజులు అదే చదవండి.

నెగెటివ్ మార్కులు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఉంటే ఊహించి పెట్టడం తగ్గించాలి. లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు.

9. దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

• పదో తరగతి మెమో. ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్, కుల పత్రం మీద పేరు, తండ్రి పేరు దీనితో సరిపోవాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి.
• ఐటీఐ సర్టిఫికెట్, మార్కుల జాబితా
• సీఐటీఎస్ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు
• 1 నుంచి 7వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు. తెలంగాణలో స్థానికత చూసేది వీటితోనే. పోస్టుల్లో 95 శాతం స్థానికులకే కాబట్టి వీటిని తేలిగ్గా తీసుకోకండి.
• కుల ధ్రువీకరణ, బీసీలకు నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ వారికి ఆ సంవత్సరానికి చెల్లే పత్రం, దివ్యాంగులకు వైకల్య ధ్రువీకరణ పత్రం

10. ఎక్కువగా అడిగే ప్రశ్నలు

వెల్డర్ ఒక సంవత్సరం ట్రేడ్. నేను అర్హుడినేనా?
వెల్డర్ పోస్టుకు వెల్డర్ ట్రేడే అర్హత. ఎన్ని సంవత్సరాల కోర్సు అన్నది అడ్డు కాదు. అనుభవం, సీఐటీఎస్ చూసుకోండి.

పెళ్లయ్యాక ఐదేళ్లు పని మానేశాను. రాయొచ్చా?
వయోపరిమితిలో ఉంటే రాయొచ్చు. అంతకుముందు చేసిన పనికి పత్రం ఉండాలి. డ్రెస్ మేకింగ్ వంటి ట్రేడ్ అయితే ఇంట్లో కుట్టిన పనిని అనుభవంగా తీసుకుంటారో లేదో నోటిఫికేషన్ చదివాకే నమ్మండి.

"రెండు లక్షలిస్తే పోస్టు ఖాయం" అంటున్నారు. నిజమేనా?
కాదు. ఈ ఉద్యోగం పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన ద్వారానే వస్తుంది. డబ్బు అడిగినవారికి ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఓటీపీ, ఫోన్‌పే ఏదీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి మోసపోతే వెంటనే 1930 నంబర్‌కు ఫోన్ చేయండి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

నోటిఫికేషన్ లేదు కదా, ఇప్పుడేం చేయాలి?
ఈ వారంలో మూడు పనులు చేయండి. అనుభవ పత్రం అడగండి. స్టడీ సర్టిఫికెట్ల కోసం చదివిన బడికి వెళ్లండి. మీ ట్రేడ్ సిలబస్ ఫోన్‌లోకి దించుకోండి. మిగిలింది రోజుకు రెండు గంటల చదువు.

మీతో ఐటీఐ చదివిన స్నేహితులకు, ముఖ్యంగా చదువు అయిపోయి పనిలో పడిపోయినవారికి ఈ పీడీఎఫ్ పంపండి.