చేతన, అవధానం, స్మృతి – మనకు నిజంగా బుర్ర లేదా?



సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామా, కథ రాద్దామా అని ఆలోచించాం. చివరకు మేము ఇప్పుడు పీజీలో చదువుతున్న మనస్తత్వ శాస్త్రం, అంటే సైకాలజీ గురించే రాయాలనుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదట. ఈ శాస్త్రంలో మమ్మల్ని పట్టి కూర్చోబెట్టిన ప్రశ్న మాత్రం మన హాస్టల్లో పుట్టిందే. రాత్రి చదివింది పొద్దునకల్లా ఎక్కడికి పోతుంది?

ఆ ప్రశ్న వెనుక ఒక మిత్రుడు ఉన్నాడు. పదో తరగతిలో మా పక్క చాప అతనిది. సోషల్ జవాబులు రాత్రి పదకొండు దాకా బట్టీ పట్టేవాడు. పరీక్షలో రెండు లైన్లు రాసి ఆగిపోయేవాడు. "నాకు బుర్ర లేదబ్బా, మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేవాడు. పది తప్పాడు. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పనికి పోయాడు. కిందటి ఉగాదికి కలిసినప్పుడు, ఏ లారీకి ఏ సైజు బండలు ఎన్ని ఎత్తారో, ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో, కాగితం చూడకుండా వారం రోజుల లెక్క వరసగా చెప్పాడు. బుర్ర లేనివాడు ఆ లెక్క ఎట్లా చెప్తాడు?

మొదట మూడు మాటలు

సీబీఎస్‌ఈ స్కూళ్ళలో 11, 12 తరగతుల్లోనే సైకాలజీ ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మన వైపు పిల్లల్లో చాలామందికి ఆ పాఠాలు డీఎడ్, బీఎడ్, టెట్ పుస్తకాల్లోనే మొదటిసారి కనబడతాయి. అప్పటికి మన పది, ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఎలా చదవాలో చెప్పే పాఠం చదువు అయిపోయాక చేతికి వస్తుందన్నమాట. అందుకే ఇక్కడ కొంచెం ముందుగా చెబుతున్నాం.

మెలకువతో ఉండి, మన చుట్టూ, మన లోపల జరుగుతున్నది తెలుస్తూ ఉండటం 'చేతన'. అలా తెలిసే ఎన్నో విషయాల్లో ఒకదాన్ని ఎంచుకొని దానిపై మనసు నిలపడం 'అవధానం'. నేర్చుకున్నదాన్ని దాచుకొని, అవసరమైనప్పుడు బయటికి తీయగలగడం 'స్మృతి'. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. అవధానం తప్పితే స్మృతికి చేరేది చాలా తక్కువ.

స్టడీ అవర్‌లో జరిగేది

సాయంత్రం స్టడీ అవర్ గుర్తు తెచ్చుకోండి. అరవై మంది పైకి చదువుతుంటారు. ఒకడు సైన్సు, ఒకడు హిందీ. అంత గోలలోనూ మన పాఠం మనం చదువుకుంటాం. పక్కవాడు ఏం చదివాడంటే చెప్పలేం. కానీ వార్డెన్ సారు మెల్లగా మన పేరు పలికితే చటుక్కున తల తిప్పుతాం.

దీన్నే శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. 1953లో కాలిన్ చెర్రీ, మనిషి రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని వింటూనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో వచ్చిన మాటల్లో ఏముందో వాళ్ళు దాదాపు చెప్పలేకపోయారు. 1959లో నెవిల్ మోరే ఆ వినని చెవిలో మనిషి పేరు పలికించాడు. సుమారు మూడింట ఒక వంతు మంది తమ పేరును గుర్తించారు. అంటే శబ్దం చెవిని చేరినంత మాత్రాన మనసులో నిలవదు. అవధానం వాకిలి దగ్గర కాపలా ఉంటుంది.

పెదవులు పాఠం చదువుతూ, మనసు సుగ్గికి పోయిన అమ్మ దగ్గర ఉంటే ఆ గంట లెక్కలోకి రాదు. ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళకు ఇది వేరే చెప్పనక్కర లేదు. ఇంట్లో అందరూ గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, ఇంటికి తాళం పడిన పిల్లవాడి మనసు పుస్తకం మీద నిలవడం కష్టం. తమిళనాడులో 464 మంది చెరకు రైతులపై జరిగిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. అవే మనుషులు కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో, ఆలోచనా పరీక్షల్లో తక్కువ చేశారు. కోత అయ్యి డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. ఈ ఫలితాన్ని ఎంత దూరం తీసుకుపోవచ్చన్నదానిపై శాస్త్రవేత్తల్లో చర్చ ఉంది. కానీ దిగులు కూడా అవధానంలో చోటు ఆక్రమిస్తుందన్న మాట మన అనుభవానికి కొత్త కాదు. పక్కవాడు చదవలేకపోతున్నాడంటే మొద్దు అనేముందు, ఇంటి దగ్గర ఏం జరుగుతోందో ఒక్కమాట అడగండి.

ప్రొద్దుటూరు అవధానం ఏం చెబుతుంది?

మన పుస్తకాల్లో 'అవధానం' అన్న మాట చూడగానే తెలుగువాళ్ళకు ఇంకొకటి గుర్తుకు వస్తుంది. అది అష్టావధానం. మన కడప జిల్లా ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరుపడిన ఊరు. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని అక్కడివారే. తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ పేరు నిలిపారు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి, ఇంకొకరు వర్ణన అడుగుతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసి మనసు చెదరగొడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ, నాలుగు విడతల్లో పద్యాలు పూర్తి చేస్తాడు. చివర అన్ని పద్యాలూ మొదటినుంచి అప్పజెప్పాలి. ఆ చివరి ఘట్టం పేరు 'ధారణ'. సైకాలజీ తెలుగు పుస్తకాల్లో కూడా, నేర్చుకున్నది మనసులో నిలుపుకోవడాన్ని ధారణ అనే అంటారు.

అవధాని ఎనిమిది పనులూ ఒకే క్షణంలో చేస్తాడా? చేయడు. ఒక పృచ్ఛకుడి దగ్గర ఉన్నప్పుడు పూర్తిగా అక్కడే ఉంటాడు. పాదం పూర్తయ్యాక దాన్ని వదిలి తర్వాతి వారి దగ్గరికి వెళ్తాడు. తిరిగి వచ్చినప్పుడు ఎక్కడ ఆగాడో అక్కడ నుంచి అందుకుంటాడు. ఇందులో ఛందస్సు అతనికి సాయం. యతి, ప్రాస, గణాలు కుదరాలి కాబట్టి ఆ చోట ఏ మాటైనా పట్టదు. గుర్తు తప్పినా మాట దొరకడానికి దారి ఉంటుంది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఛందస్సు నేర్పే గురువులు మన తాతల వాడల వైపు రాలేదు. కానీ మనసు పని చేసే తీరు ఎవరి సొత్తూ కాదు. చేలో కలుపు తీస్తూ మా అవ్వ గంటల తరబడి పాటలు పాడేది. ఆమెకు అక్షరం రాదు. ఒక చరణం పోతే వెనక్కి పోయి పల్లవి అందుకొని, మళ్ళీ దారిలో పడేది. పద్యానికి గణాలు చేసే సాయం ఆమెకు పల్లవి, దరువు చేసేవి.

మూట కట్టడం

స్మృతిలో మూడు అంచెలు ఉన్నాయని అట్కిన్సన్, షిఫ్రిన్ 1968లో ఒక నమూనా ఇచ్చారు. కంటికి, చెవికి తగిలి క్షణంలో పోయేది ఇంద్రియ స్మృతి. కొద్దిసేపు పట్టుకోగలిగింది స్వల్పకాలిక స్మృతి. ఏళ్ళ తరబడి నిలిచేది దీర్ఘకాలిక స్మృతి. ఇబ్బందంతా రెండో అంచెలో ఉంది. 1959లో పీటర్సన్ దంపతులు మూడు అక్షరాలు చెప్పి, వెంటనే అంకెలు మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు తిరిగేసరికి చాలామందికి ఆ మూడు అక్షరాలు పోయాయి.

ఆ రెండో అంచె చాలా ఇరుకు కూడా. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలో ఏడు అంశాలు, రెండు అటూ ఇటూ అన్నాడు. తర్వాతి పరిశోధకులు నాలుగు అన్నారు. కానీ మిల్లరే ఒక ఉపాయం కూడా చెప్పాడు. విడి అంశాలను మూట కడితే మూట ఒక్కటిగానే లెక్క.

ఈ అంకెలు ఒకసారి చదివి, పుస్తకం మూసి చెప్పండి: 195319562014. పన్నెండు అంకెలు, కష్టం. ఇప్పుడు ఇలా చూడండి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయ్యి రాజధాని హైదరాబాదుకు పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. పన్నెండు అంకెలు మూడు మూటలయ్యాయి. ఇక మర్చిపోమన్నా మర్చిపోలేరు.

మూట కట్టాలంటే ఆ విషయం ముందు అర్థం కావాలి. చదరంగం ఆటగాళ్ళపై 1973లో ఛేజ్, సైమన్ చేసిన పరిశోధనలో, నిజమైన ఆట నడుమ బల్లను కొన్ని సెకన్లు చూపిస్తే ఆరితేరిన ఆటగాడు పావుల స్థానాలు ఎక్కువగా చెప్పాడు. పావులను ఇష్టం వచ్చినట్టు పేర్చి చూపిస్తే అతని ఆధిక్యం పోయింది. మా మిత్రుడికి బండల లెక్క నిలవడానికీ, సోషల్ జవాబు నిలవకపోవడానికీ కారణం ఇదే అనుకుంటున్నాం. బండలు అతనికి తెలుసు. జవాబు మాత్రం అర్థం లేని శబ్దాల వరసగా మిగిలిపోయింది.

ఎప్పుడు మరుస్తాం? ఎలా ఆపుతాం?

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకొని 1885లో ఫలితాలు ప్రకటించాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు నేర్చుకొని, కొంత వ్యవధి తర్వాత వాటినే మళ్ళీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం. గంటకు 44, ఒక రోజుకు 34, 31 రోజులకు 21 శాతం. నష్టం ఎక్కువగా మొదట్లోనే జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి మొదటి పునశ్చరణ మరుసటి రోజే జరగాలి. పరీక్షల ముందు రోజు దాకా ఆగితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టినట్టే.

పునశ్చరణ అంటే మళ్ళీ మళ్ళీ చదవడమా? అమెరికాలో రోడిగర్, కార్పికీ 2006లో ఈ విషయం తేల్చారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పాఠం మూసి, గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి, 81కి 75 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్ళకు 42 శాతం, మూసి రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. మన పరీక్ష 5 నిమిషాల్లో రాదు కదా!

ఇక నిద్ర సంగతి. పరీక్షల రోజుల్లో నైట్ అవుట్ చేయడం మనకు గొప్పగా ఉంటుంది. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్కిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులపై ప్రయోగం చేశారు. నేర్చుకున్నాక నిద్రపోయినప్పుడు వాళ్ళు తక్కువ మరిచారు, మేలుకొని ఉన్నప్పుడు ఎక్కువ మరిచారు. తర్వాతి పరిశోధనలు కూడా చదివింది స్థిరపడటంలో నిద్రకు పాత్ర ఉందని చెబుతున్నాయి. చేతన విశ్రాంతి తీసుకునేటప్పుడు కూడా మెదడు పని చేస్తూనే ఉంటుంది.

ఈ రాత్రి నుంచే

తమ్ముళ్ళూ, ఖర్చు లేని నాలుగు పనులు చెబుతాం. పాఠం మొదట అర్థం చేసుకొని మూటలు కట్టండి. పుస్తకం మూసి, పలక మీదో పాత నోట్సు వెనకో గుర్తున్నది రాయండి. మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి అదే పని చేయండి. వేళకు పడుకోండి. స్టడీ అవర్‌లో చివరి పావుగంట అవధానంలా నడపండి. ఒకరు మధ్యలో, చుట్టూ నలుగురు పృచ్ఛకులు, నలుగురివీ నాలుగు సబ్జెక్టులు. నవ్వుకుంటూనే చదువు వస్తుంది.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు బహుమతులతోపాటు ఒక తమ్ముడి పక్కన కూర్చొని, పుస్తకం మూసి నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్ళండి.

మా మిత్రుడు ఈ ఏడాది ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఫీజు కట్టాడు. ఆదివారం సాయంత్రాలు మేము ఫోన్ చేసి సోషల్ ప్రశ్నలు అడుగుతున్నాం. మొదటి వారం రెండు చెప్పాడు. పోయిన వారం పదింటికి ఏడు చెప్పాడు. మిగతా మూడు ఏమిటని మేము చెప్పబోతే, "చెప్పొద్దబ్బా, నేనే గుర్తు తెచ్చుకుంటా" అన్నాడు. అతని నోట "బుర్ర లేదు" అన్న మాట మేము విని చాలా రోజులైంది.