ఊరుమ్మడి నేలపై గోల్ఫు: గుర్తుండిపోయే కొన్ని హోల్స్

గోల్ఫు అనగానే ఎత్తయిన ప్రహరీ, వాకిట కాపలాదారు, ఖరీదైన సభ్యత్వం స్ఫురిస్తాయి. అయితే ఈ ఆటలో మిక్కిలి పేరు పొందిన హోల్స్ కొన్ని ప్రజల ఆస్తిగా ఉన్న నేలపైనే ఉన్నాయి. ఊరుమ్మడి నేలను పలువురు ఎలా పంచుకొనవచ్చునో వాటిని చూస్తే తెలుస్తుంది.

గోల్ఫులో ‘హోల్’ అంటే గోళీలాటలో వలె బంతి పడే గుంట ఒక్కటే కాదు. బంతిని తొలిసారి కొట్టే చోటు మొదలుకొని గుంట వరకు ఉన్న దారి అంతా ఒక హోల్. నిపుణుడు దానిని ఎన్ని దెబ్బలలో ముగించవలెనో ఆ లెక్కను ‘పార్’ అంటారు. పూర్తి మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ఈ సంఖ్యకు మూలం స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్. అక్కడ పూర్వం ఒక ఆటకు 22 హోల్స్ ఆడేవారు. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపారు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు వాటినే ఆడేవారు గనుక మొత్తం 18 అయింది.

అక్కడి ఓల్డ్ కోర్సులో 17వ హోల్ పేరు ‘రోడ్ హోల్’. పొడవు 495 గజాలు, పార్ 4. తొలి దెబ్బను పక్కనున్న హోటలు షెడ్డుల మీదుగా కొట్టవలె. గుంట ఉన్న పచ్చికకు ముందు లోతైన ఇసుక గొయ్యి, వెనుక తారు రోడ్డు, ఆపై రాతిగోడ. బంతి రోడ్డు మీద పడితే అక్కడినుండే కొట్టవలె. మన వీధి క్రికెట్టులో ఎదురింటి గోడకు, మురుగు కాలువకు వేర్వేరు నిబంధనలు ఉన్నట్లే, ఇక్కడ రోడ్డు, గోడ ఆటలో భాగమయ్యాయి. 1978లో జపాను ఆటగాడు నకజిమా బంతి ఆ ఇసుక గోతిలో పడగా, పైకి తీయడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. నాలుగింట ముగియవలసిన హోల్ తొమ్మిదింట ముగిసింది. 1984లో టామ్ వాట్సన్ బంతి రోడ్డు దాటి గోడ చెంతకు చేరింది. ఆ ఏటి ఓపెన్ టోర్నమెంటు బలెస్టెరోస్ పరమైంది.

అదే మైదానంలో ఒకటవ, పద్దెనిమిదవ హోల్స్‌కు అడ్డంగా ఒక బాట పోతుంది. అది పౌరుల రాకపోకలకు హక్కున్న దారి. ఎంతటి ఆటగాడైనా బాటసారి దాటేవరకు ఆగవలసినదే. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో అక్కడ షికారు చేస్తారు. 1974లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన ట్రస్టు ఈ మైదానాలను నిర్వహిస్తున్నది.

న్యూయార్కు రాష్ట్రంలోని బెత్‌పేజ్ ఉద్యానవనం మరో ఉదాహరణ. 1930ల ఆర్థికమాంద్యంలో పని కోల్పోయినవారికి ఉపాధి కల్పించే పథకం కింద అది రూపొందింది. మనకు తెలిసిన నూరు రోజుల పని వంటిదే. అక్కడి బ్లాక్ కోర్సు 1936లో మొదలైంది. ఇది మిక్కిలి కఠినమైనదనీ, మంచి నైపుణ్యం ఉన్నవారే ఆడవలెననీ ఆరంభంలోనే హెచ్చరిక పలక కనిపిస్తుంది. నాలుగవ హోల్‌లో దారికి ఏటవాలుగా పరచుకొన్న పెద్ద ఇసుక గొయ్యి ఆ పలక మాటను నిజం చేస్తుంది. బండి ఎక్కి తిరిగే వీలు లేదు, నడవవలసినదే. ప్రపంచ ప్రసిద్ధమైన యు.ఎస్. ఓపెన్ పోటీలు ఇక్కడ 2002లో, 2009లో జరిగాయి. అయినా ఆట కోసం సామాన్యులు రాత్రంతా కార్లలో పడుకొని వరుసలో వేచి ఉంటారు.

మన దేశంలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ లాడోసరాయ్‌లో, కుతుబ్ మినార్ కనిపించే చోట, ప్రజా గోల్ఫు మైదానాన్ని నడుపుతున్నది. చెన్నైలో పరిస్థితి వేరు. గిండీలో గుర్రపు పందాల బాట లోపల క్లబ్బు గోల్ఫు మైదానం ఉండేది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పందాల క్లబ్బు లీజును రద్దు చేసి సుమారు 160 ఎకరాలను స్వాధీనం చేసుకొన్నది. వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. నగరం నడుమనున్న ప్రభుత్వ భూమి ఎవరికి ఉపయోగపడవలె అన్నదే అక్కడి అసలు ప్రశ్న.

కే.వి.కుప్పం వంటి ఊళ్లకు గోల్ఫు అవసరం కాకపోవచ్చును. ఆ ప్రశ్న మాత్రం అవసరమే. ఆటస్థలంలో క్రికెట్టు ఆడే యువకులకు, నడకకు వచ్చే పెద్దలకు, పశువులను తోలుకొని పోయేవారికి వేళలు, దారులు ఏర్పరచుకొంటే తగవులు తగ్గుతాయి. దానిని చర్చించే వేదిక గ్రామసభ. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో సభ జరుగుతుంది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ సభ్యులే. వేలూరు, గుడియాత్తం వంటి పట్టణాలలో ఏరియా సభలకు చట్టం వీలు కల్పించింది. ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారు ముందుగా ఇక్కడి జాబితాలో పేరు నమోదు చేయించుకొనవలె. తరువాత సభకు వెళ్లి, తమ వీధికి దగ్గరలోని మైదానం విస్తీర్ణం ఎంత, హద్దులు ఏవి, ఏ వేళ ఎవరు వాడుకొనవచ్చును, నిర్వహణ ఎవరిది అని అడుగవచ్చును.