వార్తల్లో పదం: ఆటల ఆధారిత గణితం

తెలంగాణ అంతటా ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు చేయడం గట్టిగా రావాలని 2022లో మొదలైన కార్యక్రమం ‘తొలిమెట్టు’. 3వ తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ ఇవి పట్టుబడాలన్నది 2021లో కేంద్రం తెచ్చిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యం; గడువు 2026-27. ఈ లక్ష్యాల చర్చలో తరచూ వినిపించే మాటే, ఆటల ద్వారా లెక్కలు నేర్పే ‘ఆటల ఆధారిత గణితం’.

అయితే ఏదో ఒక ఆట ఆడిస్తే లెక్కలు రావు. వైకుంఠపాళిలో 14వ గడిలో ఉన్న పాపకు 3 పడిందనుకోండి. ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ పావు జరిపితే ఒరిగేది తక్కువ. ‘పదిహేను, పదహారు, పదిహేడు’ అని గడులు చదువుతూ జరిపితే కూడిక వేళ్ల కిందే జరిగిపోతుంది. అమెరికాలో పరిశోధకులు సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన పరిశోధనలో అంకెల గడుల ఆట ఆడిన చిన్నారులు సంఖ్యాజ్ఞానంలో మెరుగుపడ్డారు. రంగుల గడులతో ఆడినవారిలో ఆ మార్పు లేదు.

ఢిల్లీ పూర్వప్రాథమిక కేంద్రాల్లో జరిగిన అధ్యయనం (2017) మరీ ముఖ్యం. ఆటలతో పెరిగిన సంఖ్యాజ్ఞానం ఏడాది దాటినా నిలిచింది, బడి లెక్కల్లో మాత్రం కనిపించలేదు. అందుకే ఆటనూ అంకెనూ కలిపే పని టీచరుదే. వామనగుంటలు అయ్యాక ఎవరి చింతగింజలెన్నో పిల్లలే పలక మీద రాయాలి, ఎవరికెన్ని ఎక్కువో తీసివేసి చెప్పాలి.