పప్పు మరక ఎర్రబడితే

పోయిన జూన్‌లో, బడులు తెరిచిన కొత్త. బుధవారం, శనివారం మా మనవరాలికి తెల్ల యూనిఫాం. మొదటి బుధవారమే లంచ్ బాక్సులోని టమాటా పప్పు చొక్కా జేబు మీద ఒలకబోసుకుని వచ్చింది. రూపాయి బిళ్ళంత మరక. కోడలు ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి, భుజాన ఉన్న బ్యాగు దించకుండానే చొక్కా తడిపి దాని మీద బట్టల సబ్బు రుద్దింది. పచ్చటి మరక చూస్తుండగానే ఎర్రబడింది.

"అయ్యో మామయ్యా, పచ్చ మరకే నయం! ఇప్పుడేం చెయ్యను?" అంది కోడలు.

"తాతయ్యా, చొక్కాకి దెబ్బ తగిలిందా?" అంది చిన్నది.

ఈ కంగారు మీలో చాలామంది ఇళ్ళలో వచ్చే ఉంటుంది. ఎరుపు చూసి భయపడి మరింత సబ్బు పెట్టి, బ్రష్షుతో గీకి గీకి, చివరికి చొక్కా చిరిగేదాకా తెచ్చుకుంటారు. అక్కర్లేదమ్మా. ఆ ఎరుపు కొత్త మరకేమీ కాదు. పసుపుకి సబ్బు తగిలిందని అర్థం, అంతే. మంచినీళ్ళలో నాలుగుసార్లు జాడించి, మరక మీద రెండు చుక్కల నిమ్మరసం పిండమన్నాను. ఎరుపు పోయి మళ్ళీ పచ్చగా వచ్చింది. చిన్నది నోరు తెరుచుకుని చూసింది. "ఇంకోసారి, ఇంకోసారి" అని ఆ ఒక్క మరకనే మూడుసార్లు ఎర్రగానూ పచ్చగానూ మార్పించింది.

పసుపులోని పచ్చదనానికి పేరు కర్కుమిన్. వోగెల్, పెల్లెటియర్ అనే శాస్త్రవేత్తలు 1815లో దాన్ని పసుపు నుంచి వేరుచేశారు. దాని నిర్మాణం తేలడానికి మాత్రం 1910 దాకా పట్టింది. మన పోపుడబ్బాలోని పదార్థమే తొంభై అయిదేళ్ళు తిప్పలు పెట్టిందన్నమాట. పసుపులో అది ఉండేది నూటికి మూడు పాళ్ళ ప్రాంతం. ఆ కాస్తకే చేతులు, గరిటెలు, చొక్కాలు అన్నీ పచ్చన.

దానికి పులుపు తగిలితే పచ్చగానే ఉంటుంది. సబ్బు, సోడా, సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. క్షారం దగ్గరికి రాగానే కర్కుమిన్ అణువు తన దగ్గరున్న హైడ్రోజన్‌లో ఒకదాన్ని వదిలేస్తుంది. దాంతో అది పీల్చుకునే వెలుగు మారిపోతుంది. పీల్చుకోగా మిగిలిన వెలుగే కదా మన కంటికి రంగుగా కనబడేది! నిమ్మరసం పడగానే పోయిన హైడ్రోజన్ తిరిగి దొరుకుతుంది, పచ్చదనం వెనక్కి వస్తుంది.

మన పెద్దవాళ్ళకి ఈ పేర్లేవీ తెలియకపోయినా పని తెలుసు. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిపినదే. కొత్త దంపతులు గుమ్మంలోకి రాగానే దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. మా అమ్మ పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, తమలపాకుల డబ్బాలోంచి గోటితో కాస్త సున్నం తీసి అందులో కలిపేది. అంతవరకూ పచ్చగా ఉన్న నీళ్ళు గిర్రున ఎర్రగా తిరిగేవి. ఆ క్షణం కోసం నేను పెళ్ళికొడుకునైనా చూడకుండా పళ్ళెం దగ్గరే కూర్చునేవాణ్ణి.

సరే, చొక్కా మాట. కర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పప్పులోని పోపు నూనెతో కలిసి దారాల్లోకి దిగిపోతుంది. కాబట్టి ముందు సబ్బుతో ఆ జిడ్డు వదలగొట్టాలి. మిగిలిన పచ్చదనాన్ని ఎండకి అప్పజెప్పాలి. వెలుగు తగిలితే కర్కుమిన్ విరిగిపోతుంది, రంగు పోతుంది. మర్నాడు మబ్బు లేదు. చొక్కాని తడిగానే, మరక పైకి కనబడేట్టు, మేడ మీద తీగకి వేశాను. మధ్యాహ్నానికి మరక సగమైంది. మళ్ళీ తడిపి వేశాను, సాయంత్రానికి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తెల్ల నూలు బట్టకి ఇంతకంటే చవకైన మందు లేదు. రంగు బట్టలైతే వాటి సొంత రంగు కూడా ఎండకి వెలుస్తుంది, జాగ్రత్త. పట్టుచీరల జోలికి మాత్రం ఈ వైద్యంతో వెళ్ళకండి.

వెలుగుకి రంగు పోతుంది కాబట్టే పసుపుని కిటికీ పక్కన గాజుసీసాలో పెట్టకూడదు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో, చీకట్లో ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లలతో గడపడానికి తీరిక లేదని మా అబ్బాయీ కోడలూ ఎంతో బాధపడతారు. ఆ బాధ నిజమైనదే. ఇద్దరూ పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వస్తే ఆటకి గంట ఎక్కణ్ణించి తెస్తారు? కానీ గంట అక్కర్లేదని ఆ చొక్కా చెప్పింది నాకు. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు అయ్యే ఆట ఒకటి మా ఇంట్లో పుట్టింది. దాని పేరు దొంగ ఉత్తరం.

చిన్న గిన్నెలో రెండు చెంచాల నీళ్ళు పోసి, అర చెంచా వంట సోడా కలపాలి. చెవి పుల్లని అందులో ముంచి తెల్లకాగితం మీద రాయాలి. ఆరిందంటే ఏమీ కనబడదు. ఆ కాగితాన్ని అమ్మ చేతికివ్వాలి. అమ్మ అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచా పసుపు కలిపి, దూది ముంచి కాగితం మీద అద్దాలి. కాగితమంతా పచ్చబడి, రాసినచోట మాత్రం ఎర్రటి అక్షరాలు లేస్తాయి. మా చిన్నది రాసిన మొదటి ఉత్తరం: "అమ్మా రేపు పప్పు వద్దు." అక్షరాలు వంకరగా, 'ప్పు' కింద ఒత్తు పడిపోయి ఉంది. కోడలు పోపు మాడుతున్నా చూసుకోకుండా దాన్నే పట్టుకుని నిలబడింది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీద ఉంది, కాస్త వెలిసిపోయింది.

తర్వాత చిన్నదే ఇల్లంతా పరీక్షలు పెట్టింది. పసుపు రాసి ఆరబెట్టిన కాగితం ముక్కల మీద మజ్జిగ, చింతపండు పులుసు, టూత్‌పేస్టు, స్నానం సబ్బు, వాళ్ళ నాన్న ముఖం కడుక్కునే ద్రవం ఒక్కొక్క చుక్క వేసింది. స్నానం సబ్బు ఎర్రగా తేలింది, నాన్న ద్రవం తేలలేదు. "నాన్నది సబ్బు కాదు!" అని తీర్పు చెప్పింది. నిజమే, అలాంటి వాటిలో చాలావాటికి సబ్బుకున్నంత క్షారగుణం ఉండదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి. కంట్లో పడితే చూపే పోవచ్చు. వంట సోడా చాలు.

ఆటతో ఆగలేదు, పసుపు మొక్క కావాలంది. పూజ సామాన్ల డబ్బాలోంచి పసుపు కొమ్ము తీసి పాతింది. అది ఎన్నాళ్ళకీ మొలవదు. నిజామాబాద్‌లోగానీ దుగ్గిరాలలోగానీ యార్డుకి వచ్చే కొమ్ముల్ని రైతులు ముందే ఉడకబెట్టి ఎండబెడతారు. ఉడికిన దుంపలో మొలక ఉండదు. రైతుబజారు నుంచి కన్నున్న పచ్చి పసుపు దుంప తెచ్చాను. అడుగు వెడల్పు కుండీలో, రెండంగుళాల లోతున, కన్ను పైకి పెట్టి పాతాం. మూడు వారాలకి చుట్టిన ఆకు ఒకటి ఈటెలా పైకొచ్చింది.

దసరాకి అందరం అయిదు రోజులు ఊరెళ్ళాలి, నీళ్ళెవరు పోస్తారు? లస్సీ అమ్మే చిన్న మట్టికుండ ఒకటి, పాలిష్ లేనిది, మెడదాకా మట్టిలో పాతి నీళ్ళు నింపి మూకుడు మూశాను. చలివేంద్రంలో కుండ చెమర్చడం చూశారు కదా, ఆ సన్నటి రంధ్రాలే ఇక్కడా పనిచేసేది. చుట్టూ మట్టి ఆరితే నీటిని లాక్కుంటుంది, తడిగా ఉంటే లాగదు. అందుకే దుంప కుళ్ళదు. తిరిగొచ్చేసరికి కుండలో రెండు వేళ్ళ నీళ్ళు మిగిలే ఉన్నాయి, ఆకులు నవనవలాడుతున్నాయి.

జనవరి చివరికి ఆకులు పండి వాలిపోయాయి. ఆదివారం పొద్దున్న నలుగురం బాల్కనీలో పాత పేపరు పరిచి కుండీ బోర్లించాం. ఒక్క దుంపకి రెండు గుప్పెళ్ళ దుంపలు. మట్టి దులిపి ఒకటి విరిస్తే లోపల నారింజ రంగు. మా అబ్బాయి ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు. మనవరాలు విరిచిన ముక్కని తన తెల్ల గౌను అంచుకి గట్టిగా రుద్దింది, వాళ్ళమ్మ కేక వేసేలోపే నా వైపు చెయ్యి చాపింది.

"తాతయ్యా, సబ్బు."