ఖాళీగా మిగిలిన స్వర్ణం

2000 సిడ్నీ ఒలింపిక్స్ అనగానే మనకు కరణం మల్లీశ్వరి కాంస్యం గుర్తొస్తుంది. అదే పోటీల్లో అమెరికా అథ్లెట్ మారియన్ జోన్స్ మూడు స్వర్ణాలు, రెండు కాంస్యాలు గెలిచింది. మూడేళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి బాల్కో సంస్థ మీద దాడులు జరిగాయి. పరీక్షలకు చిక్కని స్టెరాయిడ్ అక్కడి నుంచే క్రీడాకారులకు చేరుతోందని తేలింది. ఒక కోచ్ పంపిన సిరంజిలో మిగిలిన కాస్త మందు నుంచే లాస్ ఏంజెలెస్‌లో డాన్ కాట్లిన్ ప్రయోగశాల దాని గుట్టు విప్పింది. 2007లో జోన్స్ ఆ మందు వాడినట్టు ఒప్పుకుంది. ఐదు పతకాలూ పోయాయి. దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పినందుకు జైలు శిక్ష కూడా పడింది.

ఉత్ప్రేరకాలు ఎందుకు తప్పు? అసహజం కాబట్టి అంటే ఆ జవాబు నిలవదు. కంటికి లేజర్ చికిత్స, ఖరీదైన బూట్లు మాత్రం సహజమా? అసలు అన్యాయం మరోచోట ఉంది. ఒకరు మందు వాడితే, వద్దనుకునే స్వేచ్ఛ పక్కవారికి పోతుంది. అమెరికా బేస్‌బాల్‌నే చూడండి. మేజర్ లీగ్ 2003లో పేర్లు బయటపెట్టకుండా, శిక్షలు లేకుండా పరీక్షలు జరిపితే ఐదు శాతానికి పైగా నమూనాల్లో స్టెరాయిడ్ల ఆనవాళ్లు దొరికాయి. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ల పేర్లు ప్రస్తావించింది. చర్చంతా పెద్ద ఆటగాళ్ల రికార్డుల చుట్టూనే తిరిగింది. నా మనసును కలచివేసేది మాత్రం కింది లీగ్‌లో ఒక్క చోటు కోసం కాచుకున్న కుర్రాడి పరిస్థితి. సూది వేయించుకున్నవాడు ఆ చోటు ఎగరేసుకుపోతే, వీడికి మిగిలేవి రెండే దారులు: ఒళ్లు గుల్ల చేసుకోవడం, లేదా ఆట వదిలి ఇంటికి పోవడం.

డాక్టర్ల పర్యవేక్షణలో అందరికీ అనుమతిస్తే గొడవే ఉండదు కదా అంటారు కొందరు. అలాంటి పోటీలను లాస్ వేగస్‌లో జరుపుతామని ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్ నిర్వాహకులు ప్రకటించారు కూడా. తన ఒంటి మీద హక్కు తనదేనన్న మాట కాదనలేనిది. అయితే పోటీలో ఒకరి అనుమతి ఇంకొకరికి నిర్బంధమై కూర్చుంటుంది. మోతాదుకు హద్దు పెడితే, దాన్ని దొంగచాటుగా దాటినవాడిదే పైచేయి. మళ్లీ అవే పరీక్షలు. హద్దు తీసేస్తే, ఎవరి గుండె, ఎవరి కాలేయం ఎంతవరకు ఓర్చుకోగలదన్నదే పోటీ అవుతుంది.

సిడ్నీ వంద మీటర్ల పరుగులో రెండో స్థానంలో వచ్చిన గ్రీసు క్రీడాకారిణి కాటెరినా థానూ కూడా తర్వాత డోపింగ్ వివాదంలో చిక్కుకుంది. అందుకే జోన్స్ స్వర్ణాన్ని ఆమెకు ఇవ్వలేదు. మూడో స్థానంలో నిలిచిన జమైకా అథ్లెట్ టైనా లారెన్స్‌కు రజతం దక్కింది, అదీ తొమ్మిదేళ్ల తర్వాత, 2009 డిసెంబరులో. ఆ స్వర్ణం ఎవరికీ దక్కలేదు.