వలపూ విరక్తీ: కృష్ణ ఒడ్డున ఒక పాత పేచీ

ప్రేమలో సుఖం ఎంతో, ఆరాటమూ అంతే. వాట్సాప్‌లో పంపిన మాట పక్కన రెండు టిక్కులు నీలమయ్యాయా లేదా అని అర్ధరాత్రి ఫోను తిప్పి తిప్పి చూసేవారికి ఆ క్షణాన సుఖమేమీ ఉండదు, చూడకుండానూ ఉండలేరు. ఆ తహతహే కొందరిచేత కష్టపడి ఉద్యోగం సంపాదింపజేస్తుంది, పెద్దలను ఎదిరింపజేస్తుంది. చదువునూ నిద్రనూ చెడగొట్టేదీ అదే. అందుకే దానిమీద ఎవరి అభిప్రాయమూ ఒకచోట నిలవదు.

వలపుకూ విరక్తికీ మధ్య ఈ పేచీ పాలమూరు నేలకు పాతదే. గద్వాల సీమలో కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో కొలువైన ఆంజనేయుడు బ్రహ్మచారి. అయినా ఆయన సముద్రం దాటింది ఒక భర్త ఉంగరాన్ని భార్యకు అందించడానికి. అదే నది వెంట దిగువకు పోతే జటప్రోలు. ఆ సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ అనే శృంగార ప్రబంధం రాశాడు. ఆ వంశం ఆదరించిన ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దంలో సంస్కృత కవి భర్తృహరి నీతి, శృంగార, వైరాగ్య శతకాలు మూడింటినీ ‘మల్లభూపాలీయం’గా తెనిగించాడు.

భర్తృహరి గురించి ఒక కథ ఉంది. రాజైన భర్తృహరి ఆయుష్షునిచ్చే పండును రాణికిచ్చాడు. ఆమె తన ప్రియుడికిచ్చింది, అతడు ఒక వేశ్యకిచ్చాడు, ఆమె తెచ్చి మళ్లీ రాజు చేతిలోనే పెట్టింది. అంతటితో రాజుకు విరక్తి పుట్టిందట. వలపు తీరాకే విరక్తి అన్నట్టు కథ నడుస్తుంది కానీ శతకాలు అలా లేవు. శృంగార శతకంలోనే స్త్రీని పొగిడిన శ్లోకాల సరసన తూలనాడినవీ ఉన్నాయి. తన మనసు ఊగిసలాడితే నింద ఆడవారిమీద వేయడం ఆనాటి అలవాటు. ఈనాటికీ పూర్తిగా పోలేదు.

వలపులోని ఆరాటానికి మెదడులోనూ ఆధారం ఉంది. 2005లో ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్ బృందం కొత్తగా ప్రేమలో పడ్డ 17 మందికి ఎమ్మారై తీసింది. ప్రియమైనవారి ఫొటో చూడగానే మధ్యమెదడులో డోపమైన్ పుట్టే చోటు చురుకైంది. ‘నాకది కావాలి’ అని మనిషిని ఉసిగొల్పే వ్యవస్థలో అదొక భాగం. 2010లో ప్రేమలో తిరస్కారానికి గురైన 15 మందిని పరీక్షిస్తే వారిలోనూ ఆ చోటు చల్లబడలేదు. కాదన్నాక కోరిక ఇంకా ముదరడం అందుకే వింతగా తోచదు.

పెళ్లయి సగటున 21 ఏళ్లు గడిచినా గాఢంగా ప్రేమిస్తున్నామన్న 17 మందిపై మరో పరిశోధన 2012లో అచ్చయింది. వారిలోనూ డోపమైన్ చోటు మెరిసింది, దానితోపాటు అనుబంధానికి సంబంధించిన భాగాలూ పనిచేశాయి. ఆరాటం మాత్రం కొత్త ప్రేమికుల్లో ఉన్నంతగా లేదు.